నాలుగో పేరాకు సవరణ

తెలివితక్కువ పనులు చేసేవాళ్లు సాధారణంగా తలుపు దగ్గరికి వేసుకుని చేస్తారు. నేను మైకు పట్టుకుని చేశాను. నాంపల్లిలో ఒక హాల్లో, నిండుగా కూర్చున్న జనం ముందు, ఒక తెల్లకాగితం పక్కన నిలబడి, అందులో లేని దుఃఖాన్ని ఉన్నట్టుగా చదివి వినిపించాను. చప్పట్లు కూడా కొట్టారు. ఆ చప్పట్లే కొంప ముంచాయి. అవి లేకపోతే నా మాటలు ఆ హాల్లోనే ఆరిపోయేవి, నా స్నేహితుడు అరవై రెండో ఏట ట్రంకుపెట్టెతో సహా మెదక్ బస్సు ఎక్కవలసిన పరిస్థితి వచ్చేది కాదు.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. ఖాళీ జాగా కనిపిస్తే నేను ఆగలేను. దరఖాస్తుల్లో 'ఆఫీసు వాడకానికి మాత్రమే' అని వదిలేసే గడి ఉంటుంది చూడండి, అందులో కూడా రెండు ముక్కలు రాసి ఇచ్చే రకాన్ని. నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా బయటికొచ్చాను. నాకు పదవీ విరమణ జరిగింది గానీ పద విరమణ జరగలేదు. అబిడ్స్ నుంచి కోఠి దాకా ఎవరికి సన్మానం జరిగినా ఇప్పటికీ సన్మాన పత్రం నేనే రాయాలి. కార్పొరేటరు నుంచి కంటి డాక్టరు దాకా నా చేతి మీదుగా మహానుభావులైనవాళ్లు చాలామంది ఉన్నారు.

సన్మాన పత్రానికి ఐదు పేరాలు. ప్రతి పేరా ఒక పిలుపుతో మొదలవ్వాలి, 'కళాతపస్వీ' అనో 'కర్మయోగీ' అనో. మొదటి పేరాలో ఆయన పుట్టిన ఊరు ధన్యమవుతుంది. రెండోదాంట్లో చదువు చెప్పిన పంతుళ్లు ధన్యులవుతారు. మూడోది సేవ. నాలుగోది ఇల్లాలు. 'మీ అడుగులో అడుగై' అని మొదలుపెట్టగానే ముందు వరసలో ఉన్న ఆవిడ కొంగు కళ్లకు అద్దుకుంటుంది, ఆవిణ్ణి చూసి హాలంతా మెత్తబడుతుంది. ఐదోదాంట్లో నూరేళ్లు వర్ధిల్లమంటాం, శాలువా కప్పుతాం, పత్రాన్ని బంగారు రంగు ఫ్రేములో, అద్దం కింద పెట్టి చేతిలో పెడతాం. రాసేవాడికి తెలిసిన రహస్యం ఏమిటంటే, నాలుగో పేరా పండకపోతే మిగతా నాలుగూ దండగ.

ఇప్పుడు నా స్నేహితుడు. ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. పాతికేళ్లు నా పక్క టేబుల్. మెదక్‌లో మిషన్ బడిలో చదువుకుని వచ్చినవాడు, పెళ్లి చేసుకోనివాడు. ఎందుకు చేసుకోలేదని అడిగితే టైం దొరకలేదంటాడు. అబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం మీద గది కిరాయికి తీసుకుని అప్పటినుంచీ అందులోనే ఉన్నాడు. గదిలో మంచం చిన్నది, డ్రాయింగ్ టేబుల్ పెద్దది. రిటైరయ్యాక ఆ టేబుల్ మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. బొమ్మలు అని ఆయనంటాడు. మేం చూసినంతవరకు అవి కాగితాలే. బ్లూప్రింట్లకు వాడే పెద్ద షీటు, దాని మీద ఎక్కడో ఒక మూల సన్నటి గీత, లేదా ఒక మడత, లేదా తీగలాంటిది. మిగతాదంతా తెలుపు. కింద కుడి మూల మాత్రం ఉద్యోగపు అలవాటు పోక చిన్న గడి గీసి, షీట్ నంబరు, స్కేలు రాస్తాడు.

అలాంటివి ఏడు తయారయ్యాక, తెలిసినవాళ్ల ద్వారా నాంపల్లిలో ఒక చిన్న హాలు మూడు రోజులకు దొరికింది. శుక్రవారం ప్రారంభం, ఆదివారం ముగింపు. పాత ఆఫీసువాళ్లందరం పూనుకున్నాం. మన ఊళ్లో సన్మానం లేకుండా సభ మొదలవదు కాబట్టి, సన్మానం ఉంటుందని తేలింది. సన్మానం ఉంటే పత్రం ఉంటుంది. పత్రం ఉంటే నేనుంటాను.

మొదటి మూడు పేరాలూ అరగంటలో దొర్లాయి. నాలుగోదాని దగ్గర కలం ఆగింది. ఇల్లాలు లేదు. ఇల్లాలు లేని మనిషికి నేనింతవరకు పత్రం రాయలేదు. ఆ పేరా వదిలేస్తే నాలుగు పేరాల పత్రం అవుతుంది, మూడు కాళ్ల కుర్చీలాగా. ఏం చేయాలో తోచక ఆయన గదికి వెళ్లి, బొమ్మలన్నీ మళ్లీ ఒకసారి చూశాను. ఏడో షీటు దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి.

దానిలో ఉన్నవి రెండే. అడుగున ఎడమ అంచు నుంచి బయలుదేరి సగం దాకా వచ్చి ఆగిపోయిన ఒక గీత. ఆ గీత చివర ఒక నీలం చుక్క. చుక్క అంటే మరీ చిన్నదేం కాదు, నిమ్మకాయంత. పైన అంతా ఖాళీ.

దీని అర్థమేమిటని అడిగాను. "నీకేం తోస్తే గదే," అన్నాడు. మళ్లీ తనే, "ఏం తోయకుంటే ఇంకా మంచిది," అన్నాడు. కింద గడిలో అంతా రాసే ఉంది కదా, చూసుకోమన్నాడు. చూశాను. 'షీట్ నం. 7. స్కేలు 1:1' అని ఉంది. కళ గురించి అడిగితే కొలతలు చెప్పే మనిషిని చూసి జాలిపడి, ఫోనులో ఫొటో తీసుకుని చాదర్‌ఘాట్‌లోని మా ఇంటికి వచ్చేశాను.

మా ఆవిడ పప్పు పోపు పెడుతూ ఫొటో చూసి, "మంచిగుంది, హాయిగ," అంది. ఆధునిక చిత్రకళ అంత తేలిగ్గా అర్థమయ్యేది కాదని, పైకి హాయిగా కనిపించేదాని అడుగున అగాధం ఉంటుందని ఆమెకు వివరించాను. పోపు చిటపటల్లో ఆమెకు సగమే వినిపించి ఉంటుంది. మిగతా సగం ఆమె వినదలుచుకోలేదు.

ఇక నాలుగో పేరా నాకు దొరికింది. 'ఏకాంత పథికా' అని మొదలుపెట్టాను. ఆ గీత నాంపల్లి స్టేషన్ ప్లాట్‌ఫారం అన్నాను. రైలు వెళ్లిపోయింది, ఎక్కవలసిన వాళ్లంతా ఎక్కేశారు. ఆ నీలం చుక్క మీరు. ఆ పైనున్న తెలుపంతా మీతో పంచుకోవడానికి ఎవరూ రాని మీ జీవితం. ఆ శూన్యాన్ని ఇన్నేళ్లుగా నవ్వుతూ మోస్తున్న మీ భుజాలకు మా నమస్సులు. రాసింది నేనే అయినా, చదువుకుంటే నా కళ్లే తడిశాయి. అక్కడే అనుమానించవలసింది. నా రాతకు నాకే ఏడుపొచ్చిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి మూడింది.

శుక్రవారం సభ. ఏడు షీట్లూ ఫ్రేములు లేకుండా క్లిప్పులకు వేలాడుతున్నాయి. అలా ఉంటేనే కాగితం గాలి పీలుస్తుందని ఆయన పట్టుదల. ముందు వరసలో మెదక్ నుంచి వచ్చిన ఆయన అక్కగారు. మిషన్ దవాఖానలో పెద్ద నర్సుగా చేసి రిటైరైనావిడ, డెబ్బై దాటినా నిటారుగా ఉంటుంది. తమ్ముడి పెళ్లి గురించి నలభై ఏళ్లు పోరి, అలసి, నోరు మూసుకుని కూర్చున్న మనిషి. ఇల్లాలి స్థానంలో ఆవిడ కూర్చుని ఉందని నేను గమనించలేదు. నాలుగో పేరా మాత్రం సరిగ్గా అక్కడికే వెళ్లి తగిలింది. 'ఎవరూ రాని మీ జీవితం' దగ్గర ఆవిడ కొంగు కళ్లకు అద్దుకుంది. హాలు మెత్తబడింది. నా గొంతు ఇంకొంచెం వణికించాను. నా స్నేహితుడు శాలువా కింద నుంచి నన్నే చూస్తున్నాడు. కృతజ్ఞత అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం హాలుకు వెళ్లేసరికి అది చిత్ర ప్రదర్శనలాగా లేదు, పరామర్శలాగా ఉంది. పాత స్టెనోగ్రాఫరు అరటిపళ్లు తెచ్చింది. హిమాయత్‌నగర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన యోగా క్లాసు చిరునామా రాసిచ్చాడు. మా పాత క్యాషియరు ఏడో షీటు ముందు నిలబడి, మా స్నేహితుడి భుజం తట్టి, "మా ఇంట్ల ఒక రూము ఖాళీగనే ఉంది," అన్నాడు. బొమ్మ బాగుందని గానీ బాగాలేదని గానీ ఒక్కరూ అనలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని తిన్నగా అబిడ్స్ మూల మీది ఇరానీ హోటల్‌కు తీసుకుపోయాడు.

చాయ్ వచ్చింది. ఆయన బిస్కెట్ తుంచాడు గానీ ముంచలేదు. అక్క సోమవారం పొద్దున బస్సుకు తనను మెదక్ తీసుకుపోతోందని చెప్పాడు. గది ఖాళీ చేస్తామని కింద చెప్పుల దుకాణంవాళ్లకు ఆవిడ అప్పుడే చెప్పేసింది. డ్రాయింగ్ టేబుల్‌ను చర్చిలో సండే స్కూలు పిల్లలకు ఇచ్చేస్తుందట. అక్కడ ఒక సంబంధం కూడా ఉంది. ఆవిడ దగ్గర పనిచేసి రిటైరైన నర్సమ్మ, వితంతువు, బైబిలు వాక్యం మంచిగా చదువుతుంది, బీపీ చూడటం వచ్చు.

వెళ్లనని చెప్పమన్నాను. "చెప్పిన. 'ఇన్నేండ్లు లోపల్నే కుమిలినవ్, ఇగ దాచకు తమ్మీ' అంటున్నది. నేను నవ్వితే గూడ ఏడుస్తున్నది," అన్నాడు.

నేను అంత బాగా రాసి ఉండవలసింది కాదని ఒప్పుకున్నాను. అది ఒప్పుకోవడమో గొప్ప చెప్పుకోవడమో నాకే తేలలేదు. అసలు ఆ బొమ్మలో ఉన్నదేమిటో ఇప్పుడైనా చెప్పమన్నాను.

"అది ప్లాట్‌ఫారం గాదు. ఆఫీసుల నా టేబుల్ అంచు. నీలం చుక్క నా పేపర్‌వెయిటు."

"మరి పైన తెలుపు?"

"నీ కుర్చీ ఉండే జాగా."

"ఖాళీగా ఉందేం?"

"నీకు కామెర్లయి ఇరవై దినాలు సెలవు పెట్టినవ్ గదా. గప్పటిది." బిస్కెట్ ముక్కను చాయ్‌లో ముంచాడు. "మధ్యాహ్నం మూడింటికి ఫ్యాను సప్పుడు గూడ వినొస్తుండె. నా సర్వీసుల గంత నిమ్మలమైన దినాలు నేను చూడలే. యాదుండాలని గీసుకున్న."

ఆ షీటు కంటే నేనే ఎక్కువ తెల్లబోయాను. ప్రపంచంలో ఎందరివో బొమ్మలు వేస్తారు, లేనివాళ్లవి కూడా వేస్తారు. ఒక మనిషి లేకపోవడాన్ని మాత్రమే, అదీ సంతోషంగా, వేసిన బొమ్మ నాకు తెలిసినంతలో ఇదొక్కటే. పైగా స్కేలు ఒకటికి ఒకటి. నా తల ఎత్తు, భుజాల వెడల్పు లెక్కలోకి తీసుకునే షీటు కోసుకున్నాడట. పాతికేళ్లు పక్కన చూసిన కొలత, టేపు కూడా అవసరపడలేదన్నాడు.

అలిగాను. బిల్లు వచ్చేదాకా మాట్లాడలేదు. నేను మాట్లాడకపోయేసరికి ఆయన ముఖంలో ఆ పాత నిమ్మళం మెల్లగా వచ్చి కూర్చోవడం కళ్లారా చూశాను. తర్వాత గుర్తొచ్చింది, కామెర్లప్పుడు ఈయన ప్రతి సాయంత్రం నేలఉసిరి ఆకు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. అదే అడిగాను, అంత సుఖంగా ఉంటే మా ఇంటికెందుకొచ్చావని.

"ఐదు గొట్టినంక ఏం తోస్తలేకుండె," అన్నాడు, చాయ్ వైపు చూస్తూ.

ఆ ఒక్క ముక్కకు నేను కరిగిపోయి, అక్కగారితో మాట్లాడటానికి గదికి వెళ్లాను. ఆవిడ ట్రంకుపెట్టె సర్దుతోంది. నేను రాసింది తప్పు, అసలు మీ తమ్ముడు సంతోషంగానే ఉన్నాడని చెప్పాను. ఆవిడ తువ్వాలు మడతపెట్టడం ఆపలేదు. గోడకు ఆనించిన సన్మాన పత్రాన్ని చూపించింది.

"నువ్వు చదివినవ్, అందరు విన్నరు, అద్దంల పెట్టి ఇచ్చిన్రు. అద్దంల పెట్టినంక అబద్ధమెట్లయితది తమ్మీ?"

ఆ నమ్మకం మీదే నేను ఇన్నేళ్లూ బతికాను.

ఇంటికొచ్చి మా ఆవిడకు అంతా చెప్పాను. అయ్యో అంటుందనుకున్నాను. ఫోను తీసుకుని ఏడో షీటు ఫొటో మళ్లీ చూసి, "నేను ఆ దినమే చెప్పలేదా? మీరు ఊరికి పోయినప్పుడు మనిల్లు గిట్లనే ఉంటది," అంది. ఈ విషయంలో నేను సంప్రదించవలసిన కళా విమర్శకురాలు మూడడుగుల దూరంలో పోపు పెడుతూ ఉండిందన్నమాట.

అయితే దారి కూడా ఆమె మాటల్లోనే దొరికింది. ఆఫీసులో తప్పు ఉత్తర్వు వేస్తే ఏం చేసేవారని అడిగింది. తప్పు ఉత్తర్వును నోటిమాటతో రద్దు చేయలేం. దానికి సవరణ వేయాలి, అదీ అదే హోదాతో, అదే సంతకంతో. కూర్చుని రాశాను. సన్మాన పత్రాల చరిత్రలో సవరణ అనేది అదే మొదటిదై ఉంటుంది.

ఆదివారం ముగింపు సభ. మైకు దగ్గరికి వెళ్తే జనం మళ్లీ రుమాళ్లు తీశారు. నేను చదివాను.

"శుక్రవారం నాటి సన్మాన పత్రం, నాలుగో పేరాలో, 'ఏకాంత పథికా' అని ఉన్నచోట 'ఏకాంత ప్రియా' అని చదువుకోగలరు. 'ప్లాట్‌ఫారం' అని ఉన్నచోట 'టేబుల్ అంచు' అని, 'మీ జీవితం' అని ఉన్నచోట 'పక్క సీటు' అని చదువుకోగలరు. 'ఎవరూ రాని' అని ఉన్నచోట 'ఒకానొక వ్యక్తి సెలవులో ఉన్నందున రాని' అని, 'శూన్యం' అని ఉన్నచోట 'హాయి' అని చదువుకోగలరు. సదరు వ్యక్తి ఈ సవరణ చదువుతున్నవాడే."

రెండు క్షణాలు ఎవరికీ అర్థం కాలేదు. ముందు క్యాషియరుకు అర్థమైంది. లేచి, ఆ ఇరవై రోజులు తనకు కూడా బాగా గుర్తున్నాయని, ఆ నెల లెక్కలు మొదటిసారికే సరిపోయాయని సాక్ష్యం చెప్పాడు. స్టెనోగ్రాఫరు, ఆ రోజుల్లో తను మధ్యాహ్నం డబ్బా వేడి వేడిగా తినేదాన్నని చెప్పింది. ఎవరూ అడగకుండానే ఇంకో ఇద్దరు లేచారు. నా సన్మాన సభ ఎలా ఉంటుందోనని అప్పుడప్పుడు ఊహించుకునేవాణ్ణి. ఇంతమంది నా గురించి ఇంత మనస్ఫూర్తిగా మాట్లాడతారని అనుకోలేదు.

అక్కగారు మాత్రం కదల్లేదు. "దోస్తు కోసం గిట్ల చెప్తున్నవా? ఒక మనిషి మాటలకే ఇంకో మనిషి గంత పరేషాన్ అయితడా?" అని అడిగింది.

నేను వివరించడం మొదలుపెట్టాను. మాట ఎలా మొదలవుతుందో, ఒక ఫైలు గురించి మొదలుపెట్టి ఆ ఫైలు తెచ్చిన అటెండరు మేనమామ దాకా ఎలా వెళ్లేవాణ్ణో చెప్పాను. మేనమామ అనగానే ఆయన నడిపిన సైకిల్ దుకాణం గుర్తొచ్చింది. ఆ దుకాణం ఎదుటి సందులో ఒకప్పుడు దొరికిన మరమరాల ఉగ్గాని గుర్తొచ్చింది. ఉగ్గానిలో నిమ్మకాయ ముందు పిండాలా తర్వాత పిండాలా అన్నదానిపై నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. నిమ్మకాయ దగ్గరినుంచి నీలం చుక్కకు తిరిగి వద్దామనే నా ఉద్దేశం. ఈలోగా కామెర్లు అడ్డం వచ్చాయి, కామెర్లకు ఇచ్చే మందుల్లో రకాలు వచ్చాయి. నర్సు కదా, ఆవిడకు ఆసక్తిగా ఉంటుందనుకున్నాను. ఎంతసేపైందో నాకు తెలియదు. హాలు ఊడ్చేవాళ్లు వచ్చి చీపుళ్లు పట్టుకుని నిలబడ్డారు.

అక్కగారు రెండు చేతులతో కణతలు పట్టుకుంది. తర్వాత తిరిగి ఏడో షీటు వైపు చూసింది. ఈసారి చాలాసేపు చూసింది. ఆవిడ భుజాలు కొంచెం కిందికి దిగాయి.

"ఇగ చాలు తమ్మీ. సమజైంది," అంది. తమ్ముడి వైపు తిరిగి, "మంచిగేసినవ్‌రా. నిజంగనే చల్లగుంది," అంది.

మూడు రోజుల్లో ఆ బొమ్మను బొమ్మగా మెచ్చుకున్న మాట, మా ఆవిడది లెక్కవేయకపోతే, అదొక్కటే. సోమవారం పొద్దున మెదక్ బస్సు ఆవిడ ఒక్కదాన్నే ఎక్కించుకుని వెళ్లింది. డ్రాయింగ్ టేబుల్ కిటికీ దగ్గరే ఉండిపోయింది. నర్సమ్మకు అక్కడే ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు దొరికాడని తర్వాత తెలిసింది.

నా స్నేహితుడు కృతజ్ఞతగా ఏడో షీటు నాకిచ్చేశాడు. నేను లేని బొమ్మను నేను ఉన్నచోట పెట్టుకోవడం ఏం బాగుంటుందని ఆలోచించి, దాన్ని చుట్టి అబిడ్స్‌లో నా పాత ఫ్రేముల దుకాణానికి తీసుకుపోయాను. నన్ను చూడగానే దుకాణదారు బంగారు అంచు పట్టీ తీశాడు. షీటు విప్పి, తిప్పి, వెలుతురుకు పట్టి చూశాడు.

"మ్యాటర్ ఏది సార్? ప్రింటోళ్లు మరిచిపోయిన్రా?"

ఇదే మ్యాటరని చెప్పి, మంచి అద్దం వేయమన్నాను.

ఫ్రేమును రిక్షాలో పెట్టుకుని చెప్పుల దుకాణం మీది గదికి వెళ్లాను. ఆయన వద్దంటున్నా వినకుండా, కిటికీ ఎదుటి గోడకు మేకు కొట్టి తగిలించాను. కాగితానికి గాలి ఆడదన్నాడు. నేను కిటికీ దగ్గరికి ఒక కుర్చీ జరుపుకుని, వెలుతురుకు వీపు పెట్టి కూర్చున్నాను. సరిగ్గా మధ్యాహ్నం మూడు. అద్దం మీద కిటికీ తెల్లగా మెరిసింది. ఆ మెరుపు మధ్యలో, టేబుల్ అంచు పైన, నీలం చుక్క పక్కన, నల్లగా ఒక తల, రెండు భుజాలు.

ఆయన చాలాసేపు చూశాడు. డ్రాఫ్ట్స్‌మన్ కదా, లేచి వెళ్లి అద్దం మీద జేనతో కొలిచాడు. నీడ సగమే పడిందని, స్కేలు ఒకటికి రెండయ్యిందని, షీటు చెడిపోయిందని అన్నాడు.

సగమైనా అద్దంలో ఉన్నాను కదా, అద్దంలో పెట్టింది అబద్ధం కాదని మీ అక్కే చెప్పిందన్నాను. ఆ అక్క సంగతి నుంచి మెదక్ బస్సులు గుర్తొచ్చాయి. మెదక్ బస్సుల గురించి చెప్పవలసింది చాలా ఉంది. ఆయన చాయ్ పెట్టడానికి లేచాడు. నేను కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని మొదలుపెట్టాను.